మొవ్వ విరిగిన తోట మళ్ళీ గెల వేసేదాకా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది, మధ్యమధ్యలో 165 దాకా వెళ్ళింది. పత్రికల్లో ఆ వార్త కొన్ని వారాలు ఉంది. మా వజ్రపుకొత్తూరు మండలంలో మాత్రం ఆ తుపాను దాదాపు ఏడేళ్ళు నడిచింది. కూలిన కొబ్బరి తోట మళ్ళీ తోట కావడానికి ఏమేమి జరగాలో, మా ఇంట్లో అది ఎలా జరిగిందో రాస్తున్నాను. తోట పోగొట్టుకున్న మరో ఇంటికి ఇందులో ఒక్క సంగతి పనికొచ్చినా నాకు సంతోషమే.

మా ప్రాంతం తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన, సముద్రానికీ మహేంద్రగిరి కొండలకూ మధ్య పరుచుకున్న నేల ఉద్దానం. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు ఇందులోకి వస్తాయి. చాలాచోట్ల ఇసుక నేల. పైన కొబ్బరి, దాని కింద పనస, మామిడి, ఇంకా కింద అరటి, పసుపు, కంద, అనాస, పక్కనే జీడి. ఒక పంట దెబ్బతింటే ఇంకొకటి ఆదుకునేలా మా పెద్దలు తోటలు పెంచారు. అక్టోబరు మాకు కొత్త భయం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, సరిగ్గా మరుసటి ఏడాది అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటాయి. ఫైలిన్‌లో మా తోటలో పిందెలు రాలాయి, మట్టలు విరిగాయి, కొన్ని చెట్లు పడ్డాయి. తోట నిలిచింది. అందుకే తిత్లీ వస్తోందన్నప్పుడు నాన్న ఇంటి పైకప్పు గురించి దిగులుపడ్డారు కానీ తోట గురించి కాదు.

ఆ రాత్రి గాలి మొదట ఒకవైపు నుంచి వీచింది. కాసేపు ఆగిపోయింది. తుపాను వెళ్ళిపోయిందని అమ్మ దీపం వెలిగించబోతుంటే ఎదురు దిక్కు నుంచి మళ్ళీ మొదలైంది. మొదటి గాలికి వేళ్ళు కదిలిన చెట్లను రెండో గాలి పడగొట్టింది. తెల్లవారి చూస్తే చెట్లన్నీ ఒకవైపు పడి లేవు, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. తోటలోకి అడుగు పెట్టడానికి దారి లేదు. మా తాతయ్య వేసిన చెట్లవి. నాన్న గట్టు మీదే నిలబడిపోయారు.

మొదటి రెండు వారాలు తోట గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో కూలాయి. కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే నీళ్ళు లేవు. ఉద్దానంలో నీటి కొరత అంటే దాహం ఒక్కటే కాదు. కిడ్నీ జబ్బు ఉన్న కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. శుద్ధి చేసిన నీటి కేంద్రాలు ఆగిపోవడంతో, ఏ బోరు నీటికి భయపడి మానేశారో ఆ నీటికే మళ్ళీ వెళ్ళవలసి వచ్చింది. మా వీధిలో ఒక పెద్దాయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరగాలి. రోడ్డు నిండా చెట్లు. ఊళ్ళో కుర్రాళ్ళు గొడ్డళ్ళు తీసుకుని ముందు నడుస్తూ దారి చేస్తుంటే వెనకాల ఆయనను మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. ఆ కుర్రాళ్ళలో ప్రతి ఒక్కరి తోటా పడిపోయింది. అయినా ముందు ఆ పని చేశారు. తరువాత, 2023 డిసెంబరులో, హిరమండలం జలాశయం నీటిని శుద్ధి చేసి ఉద్దానానికి తెచ్చే పథకం ప్రారంభమైంది. ఆ రోజుల్లో అది ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాం.

బియ్యం, పప్పు, నూనె వచ్చాయి. ఎక్కడెక్కడి నుంచో మనుషులు లారీల్లో బట్టలు, కొవ్వొత్తులు తెచ్చి ఇచ్చారు. వాళ్ళ పేర్లు కూడా మాకు తెలియవు. వాళ్ళందరికీ రుణపడి ఉన్నాం.

అసలు ప్రక్రియ మొదలైంది చెట్ల లెక్కతో. ప్రభుత్వం పడిపోయిన కొబ్బరి చెట్టుకు ముందు 1,200 రూపాయలని, తరువాత 1,500 అని ప్రకటించింది. జీడి తోటకు హెక్టారుకు 30,000 రూపాయలు. 2019లో ప్రభుత్వం మారాక చెట్టుకు 3,000, జీడి హెక్టారుకు 50,000 చేయాలన్న నిర్ణయం వచ్చింది. ఈ అంకెలు ఎక్కువా తక్కువా అని అడిగేవారికి నాన్న చెప్పే లెక్క ఇది. కాపు మీదున్న చెట్టు ఏడాదికి 80 కాయలిస్తుంది, కాయ పది రూపాయలకు అమ్మినా 800. అంటే 1,500 రూపాయలు రెండేళ్ళ కాపు కూడా కాదు. కొత్తగా వేసిన దేశవాళీ మొక్క గెల వేయడానికి ఆరేడేళ్ళు పడుతుంది. మధ్యలో నాలుగైదేళ్ళు ఇల్లు ఎలా గడవాలో ఏ జీవోలోనూ లేదు.

లెక్కకు వచ్చినవారు అడిగిన మొదటి కాగితం పట్టాదారు పాసుపుస్తకం. మాది ఇప్పటికీ తాతయ్య పేరు మీద ఉంది. నాన్న, పెదనాన్న, చిన్నాన్న ఎప్పుడో నోటిమాటగా పంచుకుని ఎవరి వాటా వారు సాగు చేసుకుంటున్నారు. గట్ల మీద ఉన్న చెట్లు ఎవరివన్న ప్రశ్న అప్పటిదాకా పుట్టలేదు, పడిన కాయ ఎవరి కంట పడితే వారు తీసుకునేవారు. చెట్టుకు ఇంత అని ధర కట్టగానే ఆ ప్రశ్న పుట్టింది. ఊళ్ళో కొన్ని ఇళ్ళలో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. మా ఇంట్లో ఆగకపోవడానికి కారణం పెదనాన్న. ఆయన తమ్ముళ్ళిద్దరినీ తోటలోకి తీసుకెళ్ళి, గట్టు చెట్లను మూడు భాగాలు చేసి, చివరన మిగిలిన చెట్టును చిన్నాన్నకు రాయమన్నారు. నేను కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను కాబట్టి రాతకోతలన్నీ నా పనే. సర్వే నంబరు, ఎవరి వాటాలో ఎన్ని పడ్డాయి, ఎన్ని నిలిచాయి అని కాగితం మీద రాసి, ముగ్గురి సంతకాలూ ఊరి పెద్దల సంతకాలూ పెట్టించి, ఆధారు, బ్యాంకు పుస్తకాల నకళ్ళు జతచేసి ఇచ్చాను. ఆ కాగితం వల్లే మా ముగ్గురి పేర్లూ విడివిడిగా జాబితాలోకి ఎక్కాయి. ఉమ్మడి భూమి ఉన్న ప్రతి కుటుంబం తుపాను రాకముందే ఇలాంటి కాగితం ఒకటి రాసి పెట్టుకోవాలి.

జాబితాను పంచాయతీ కార్యాలయం గోడకు అంటించారు. నాన్న పేరు ఎదురుగా ఉన్న అంకె మేము రాసి ఇచ్చినదానికంటే బాగా తక్కువ. ఎందుకని అడిగితే, నిలబడి ఉన్న చెట్టును పడిన చెట్టుగా రాయలేం కదా అన్నారు. తిత్లీ గురించి రాసినవారు ఎక్కువమంది వదిలేసిన సంగతి ఇక్కడే ఉంది. కొబ్బరికి కొమ్మలు లేవు. చెట్టు మొత్తానికి పెరిగే చోటు ఒక్కటే, తల మధ్యలో ఉండే మొవ్వ. గాలి ఆ తలను మెలిపెడితే లోపల మొవ్వ విరుగుతుంది. కాండం నిటారుగా ఉంటుంది, కింది మట్టలు కొన్ని నెలలు పచ్చగానే ఉంటాయి. దూరం నుంచి చూసినవారికి చెట్టు బతికినట్టే కనిపిస్తుంది. నిజానికి అది ఆ రాత్రే చనిపోయింది.

అభ్యంతరం రాసి ఇచ్చాం. రెండోసారి వేరే అధికారి వచ్చారు, పెద్ద వయసు మనిషి. ఆయన మా మాట కొట్టిపారేయలేదు. "కాయలు దించే అతన్ని పిలవండమ్మా, చూద్దాం" అన్నారు. అతను చెట్టెక్కి, నడిమధ్యన ఇంకా విచ్చుకోని మొవ్వాకు పట్టుకుని లాగాడు. బతికిన చెట్టులో అది ఎంత లాగినా రాదు. ఇది రెండు చేతులకూ తేలికగా ఊడి వచ్చింది. కిందికి వదిలాడు. మొదలు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడిపోయింది, వేలు పెడితే దిగిపోతోంది, వాసన మేము నిలబడిన చోటికి కొట్టింది. ఆయన ఏమీ మాట్లాడకుండా జేబులోంచి కలం తీసి రాసుకున్నారు. అలా ఒక్కో చెట్టూ ఎక్కించి చూడడం పొద్దుపోయేదాకా సాగింది. ఆ రోజు తేలినవి లెక్కలోకి వచ్చాయి. సంక్రాంతి దాటాక ఒక్కొక్కటిగా తల వాల్చినవి ఏ లెక్కలోకీ రాలేదు. తుపాను నష్టాన్ని మొదటి నెలలో ఒకసారి, ఆరు నెలలకు ఇంకోసారి లెక్కపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. వరి పొలానికి ఆ అవసరం లేదేమో, కొబ్బరికి ఉంది.

డబ్బు ఖాతాలో పడడానికి చాలా కాలం పట్టింది. పడిన చెట్లు మాత్రం అంతకాలం ఆగవు. ఎండిన తరువాత తీద్దాంలే అని వదిలేస్తే రెండో నష్టం మొదలవుతుంది. కుళ్ళుతున్న కొబ్బరి మొద్దు కొమ్ము పురుగుకు పుట్టిల్లు. తల్లి పురుగు అందులో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు ఆ కుళ్ళు తిని పెరుగుతాయి, పెద్దవై ఎగిరి వెళ్ళి బతికి ఉన్న చెట్ల మొవ్వలు తొలుస్తాయి. గాయపడిన చెట్ల వాసనకు ఎర్రముక్కు పురుగు వేరే వస్తుంది. అంటే తుపాను మిగిల్చిన నాలుగు చెట్లనూ అది పడగొట్టిన చెట్లే చంపుతాయి. తరువాతి వేసవిలో నాన్న ఒక మొద్దును గునపంతో చీల్చి చూపించారు. లోపల బొటనవేలంత లావున్న తెల్లటి పురుగులు, ముడుచుకుని, గోధుమ రంగు తలలతో, పిడికెడు చోట పది దాకా ఉన్నాయి.

మొద్దులు తీయడం మాకు అన్నిటికంటే కష్టమైన పని. రంపపు యంత్రాలు పట్టుకుని ఇతర జిల్లాల నుంచి మనుషులు వచ్చారు, కానీ అందరికీ ఒకేసారి కావాలి, కూలి రోజురోజుకూ పెరిగింది. తాతయ్య చేతి చెట్లను ఇటుక బట్టీలవాళ్ళు లారీ లెక్కన అడిగారు, అదీ మేమే కోసి ఎత్తిస్తే. మోసుకెళ్ళినవి పోగా మిగిలినవి ముక్కలు చేసి ఎండబెట్టి తగలబెట్టాం. పచ్చి కొబ్బరి మొద్దు అంత తేలికగా కాలదు. పెంట కుప్పలో కూడా కొమ్ము పురుగు పెరుగుతుంది కాబట్టి, ఆ పురుగును చంపే పచ్చ బూజు శిలీంధ్రాన్ని కలిపాం. పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు నాలుగైదు, రైతులం కలిసి కొని గట్ల మీద పెట్టాం. ఇది ఒక్కరు చేస్తే ఫలితం ఉండదు, పక్క తోటలో మొద్దులు కుళ్ళుతుంటే పురుగుకు గట్టు అడ్డం కాదు. యజమానులు వలస వెళ్ళిపోయిన తోటల్లో మొద్దులు ఎవరు తీయాలన్నది ఊరి సమస్య అయింది. కొన్ని చోట్ల చుట్టుపక్కలవాళ్ళమే తీశాం.

వలస గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. తోటలుంటే కాయలు దించేవారికీ, వలిచేవారికీ, పీచు తీసేవారికీ, బళ్ళు తోలేవారికీ పని ఉంటుంది. తోట పడితే అందరికీ ఒకేసారి పోతుంది. మా తమ్ముడు చెన్నైలో భవన నిర్మాణ పనికి వెళ్ళాడు. అమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కల పనికి చేరింది. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చున్నా అమ్మ వేళ్ళ కొనలు నల్లబడి పొరలు లేచేవి. రాత్రి అన్నం కలుపుకోవడానికి ఇబ్బంది పడి చెంచాతో తినేది. సొంత జీడి తోట ఉన్న ఇల్లాలు కూలికి పిక్కలు కొట్టవలసి రావడం మా అమ్మకు ఎంత బాధో నాకు తెలుసు. ఒక్క రోజు కూడా పైకి అనలేదు.

2019 వానలకు మొక్కలు వేశాం. ఏ రకం వేయాలన్న దాని మీద ఇంట్లో చాలా చర్చ జరిగింది. చిన్నాన్న గోదావరి గంగ సంకర రకం వేద్దామన్నారు. అది నాలుగైదేళ్ళకే కాపుకొస్తుంది, అయితే నీళ్ళూ ఎరువూ తగ్గకూడదు. నాన్న ఒప్పుకోలేదు. "తిత్లీకి నిలబడిన చెట్టు మన తోటలోనే ఉంది, దాని కాయ వేయకుండా ఎక్కడి విత్తనమో ఎందుకు?" అన్నారు. నిలిచిన చెట్లలో నడివయసువి, ఏటా తప్పకుండా కాసేవి చూసి, ముదురు కాయలు తీయించి తుపాను తరువాత కొద్ది నెలలకే నారుమడి పోశారు. మొలిచిన వాటిలో మొదలు లావుగా ఉండి, ఆకు త్వరగా చీలినవి ఉంచి మిగతావి తీసేశారు. చివరికి ఎవరి వాటాలో వారి మాట నెగ్గింది. ఇద్దరిదీ సరైన మాటేనని ఇప్పుడు అనుకుంటున్నాను, ఇంటికి త్వరగా డబ్బు కావాలంటే ఒకటి, తరువాతి తుపానుకు నిలవాలంటే ఇంకొకటి.

గోతులు మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. అడుగున కొబ్బరి డొప్పలు వెల్లకిలా పరిచి, పైన పశువుల ఎరువు, వేప పిండి, మట్టి. ఇసుక నేలలో ఆ డొప్పలే తడిని పట్టి ఉంచుతాయి, మొక్కల మధ్య పాతికడుగుల ఎడం. మేము ఎక్కువ దెబ్బతిన్నది నీడ దగ్గర. పెద్ద తోట ఉన్నప్పుడు ఎండ నేలకు తగిలేది కాదు, పసుపు, కంద వాటంతటవే పెరిగేవి. నీడ పోయాక మొదటి వేసవిలోనే పసుపు మాడిపోయింది. అందుకే ముందు అరటి వేశాం. అరటి నీడలో కొబ్బరి మొక్కలు రెండు వేసవులు గట్టెక్కాయి, అరటి గెలలు అమ్మిన డబ్బుతో మోటారు బాగు చేయించాం. జీడికి బాపట్ల జీడి పరిశోధన కేంద్రం వాళ్ళ బీపీపీ 8 రకం అంటు మొక్కలు తెచ్చాం, అవి మూడో ఏటి నుంచే పిక్కలు ఇవ్వడం మొదలుపెట్టాయి. సగం వేళ్ళతో ఒరిగిన పాత జీడి చెట్లను నరికేయకుండా కొమ్మలు కత్తిరించి వదిలితే చాలావరకు కొత్త చిగుళ్ళు వేశాయి.

2020లో కరోనాకు పనులు ఆగిపోయి తమ్ముడు ఇంటికి వచ్చాడు. ఆ నెలల్లోనే మా మొక్కలకు దగ్గరుండి చేసే మనిషి దొరికాడు. లేత మొక్కల ఆకు మొదళ్ళలో కలరా ఉండలు పెట్టి ఇసుకతో కప్పడం, నలభై అయిదు రోజులకోసారి మార్చడం వాడి పని. కొమ్ము పురుగు వాసనకు దగ్గరికి రాదు. ఆ తరువాత తెల్లదోమ వచ్చింది. ఆకుల అడుగున సున్నం చల్లినట్టు గుండ్రటి మచ్చలు, పైన నల్లటి మసి. భయపడి కొందరు ఘాటు మందులు కొట్టారు. మేము నీళ్ళను బలంగా చిమ్మి కడిగి, వేపనూనె పిచికారీ చేశాం. తెల్లదోమ మీద బతికే చిన్న పరాన్నజీవి ఒకటి ఉంటుంది, ఘాటు మందులకు ముందు అది చస్తుంది. మొక్కలు ఏడాది పాటు నీరసించాయి కానీ తేరుకున్నాయి.

నిలిచిన పాత చెట్ల సంగతి కూడా చెప్పాలి. పూగుత్తి విచ్చినప్పటి నుంచి కాయ ముదరడానికే దాదాపు ఏడాది పడుతుంది. ఆ పూగుత్తి అంతకు రెండేళ్ళ ముందు నుంచే లోపల తయారవుతుంటుంది. అందుకని తుపానుకు అదిరిన చెట్టు నిలిచినా, రెండు మూడేళ్ళు కాయలు అంతంతమాత్రమే. బతికిన చెట్టుకు నష్టం లేదనుకోవడం తప్పు.

చిన్నాన్న వాటాలో 2023లో మొదటి గెలలు వచ్చాయి. నాన్న వేసినవి 2025 వేసవిలో పూతకొచ్చాయి. మొదటి పూగుత్తిలో పిందెలు చాలావరకు రాలిపోయాయి, అది మామూలే. రెండో గెల నిలిచింది. తమ్ముడు ఇప్పుడు ఏడాదిలో సగం ఇక్కడ, సగం చెన్నైలో ఉంటున్నాడు. తోట ఒక్కటే ఇల్లు నడిపే స్థితికి రావడానికి ఇంకా నాలుగేళ్ళు పట్టవచ్చు.

మా ఊళ్ళో చాలామందికి తెలియని పథకం ఒకటి ఉంది. కొబ్బరి అభివృద్ధి బోర్డు ద్వారా కొబ్బరి చెట్లకు బీమా చేయవచ్చు. దేశవాళీ చెట్టుకు ఏడో ఏడు నుంచి, పొట్టి, సంకర రకాలకు నాలుగో ఏడు నుంచి అరవై ఏళ్ళ వరకు వర్తిస్తుంది. పదిహేనేళ్ళ లోపు చెట్టుకు 900 రూపాయలు, ఆపైన 1,750 రూపాయలు బీమా మొత్తం. ప్రీమియం 9 రూపాయలు, 14 రూపాయలు, అందులో రైతు కట్టేది నాలుగో వంతు మాత్రమే. పరిహారం పెద్దదేమీ కాదు, కానీ చెట్టుకు నాలుగు రూపాయల లోపు ఖర్చుతో దక్కేది వదులుకోవడం ఎందుకు? తిత్లీకి ముందు మా వీధిలో ఒక్కరికీ ఈ బీమా లేదు. కట్టేముందు అప్పటి రేట్లు ఉద్యాన శాఖవారిని అడిగి తెలుసుకోండి. దానితోపాటు ప్రతి సెప్టెంబరులో తోట నాలుగు మూలల నుంచి ఫోనుతో ఫోటోలు తీసి పెట్టుకుంటున్నాం. పాసుపుస్తకంలో పేర్ల మార్పుకు పెదనాన్న, నాన్న, చిన్నాన్న కలిసి దరఖాస్తు పెట్టారు. పెదనాన్న వాటాలో ఖాళీలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటికి నారుమడిలో మొక్కలు ఉన్నాయి, వానలు పడగానే వేస్తాం.